డునెడిన్‌లో తొలి వేసవి: ఆయన చెర్రీ తోటకు వెళ్లాలా, ఊళ్లోనే పని వెతుక్కోవాలా?

కొత్తనీరు (డునెడిన్) | 9 నవంబరు 2025, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. సెప్టెంబరు మొదటి వారంలో న్యూజిలాండ్ వచ్చాం. నేను ఒటాగో విశ్వవిద్యాలయంలో ఆహార శాస్త్రంలో పీహెచ్‌డీ మొదలుపెట్టాను, స్కాలర్‌షిప్ వస్తుంది. మా ఆయన పార్ట్‌నర్ వర్క్ వీసా మీద నాతో వచ్చారు. ఆ వీసాతో ఎవరి దగ్గరైనా ఏ పనైనా చేసుకోవచ్చు. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొమ్మిదేళ్లు లెక్కలు రాశారు, సరుకు నాణ్యత కూడా ఆయనే చూసేవారు.

సౌత్ డునెడిన్‌లో ఒక చిన్న యూనిట్ అద్దెకు తీసుకున్నాం. నాలుగు వారాల అద్దె బాండ్‌గా, అంటే డిపాజిట్‌గా కట్టాం. మంచం, పరుపు, రైస్ కుక్కర్ తప్ప ఇంట్లో చెప్పుకోవడానికి ఏమీ లేవు. వేసవి వచ్చిందని అందరూ సంబరపడుతున్నారు కానీ నేను ఇంకా స్వెట్టర్ విప్పలేదు.

అసలు సంగతి ఇది. ఆయన ఇప్పటికి నలభై దాకా దరఖాస్తులు పెట్టారు. రెండు ఫోన్లు వచ్చాయి, రెండింటిలోనూ ఇక్కడ పని చేసిన అనుభవం ఉందా అని అడిగి సరే చెబుతాం అన్నారు. ఆయన ఒక్క మాట అనరు, అదే నాకు భయంగా ఉంది. మొన్న సాయంత్రం ప్రయోగశాల నుంచి వచ్చేసరికి పళ్లెంలో మినపప్పు పోసుకుని కిటికీ దగ్గర కూర్చుని రాళ్లు ఏరుతున్నారు. ఇక్కడి పప్పులో రాళ్లు ఉండవు.

క్రామ్‌వెల్ వైపు చెర్రీ తోటల్లో డిసెంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా పని దొరుకుతుందని ఎవరో చెప్పారట, వెళ్తానంటున్నారు. కారులో మూడు గంటల దూరం. నాకు పంపాలని లేదు. వచ్చి నాలుగు నెలలు కాకుండానే ఆరు వారాలు చెరొక చోట ఉండటం ఏమిటి? పైగా మా అత్తగారు ఫోనులో "నువ్వు చదువుకోవడానికి వెళ్లి మా వాడిని కూలికి పంపిస్తావా" అన్నారు. ఆ మాట అప్పటి నుంచి గుచ్చుకుంటూనే ఉంది. పంపనా, వద్దా?

పాతకాపు (ఆక్లాండ్) | 9 నవంబరు, రాత్రి 10.25

అమ్మా, చెర్రీల సంగతి తర్వాత. ముందు ఆ నలభై దరఖాస్తుల సంగతి చూద్దాం. మనవాళ్ల సీవీలు చాలా చూశాను. పాస్‌పోర్టు ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పదో తరగతి మార్కులు, అడుగున "పైన చెప్పినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అని సంతకం. ఇవన్నీ తీసేయమనండి. రెండు పేజీలు చాలు. ఏ పని చేశారు, ఎంత సరుకు చూశారు, కింద ఎంతమంది పనిచేశారు, అది రాయాలి. ఒక్కో ఉద్యోగానికి ఒక్కో కవరింగ్ లెటర్ ఉండాలి, నలభై చోట్లకు ఒకటే పంపితే వాళ్లకు తెలిసిపోతుంది. పెట్టిన మూడో రోజు ఫోను చేయాలి. చేస్తే బతిమాలినట్టు ఉంటుందని మనవాళ్లకు మొహమాటం. ఇక్కడ అలా అనుకోరు.

ఊళ్లో కూడా పని ఉంటుంది. నవంబరులో విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోతారు, వాళ్లు చేసే కొలువులు ఖాళీ అవుతాయి. కాకపోతే యూనివర్సిటీ చుట్టుపక్కల టీ కొట్లకు బేరాలూ వాళ్లతోనే పోతాయి, అందుకే అటు తిరగవద్దు. పోర్ట్ చామర్స్‌కు ఏప్రిల్ దాకా పర్యాటక ఓడలు వస్తాయి. ఓడ వచ్చిన రోజు ఊరంతా తిరునాళ్లే. రైల్వే స్టేషను, లార్నక్ కోట, ఆల్బట్రాస్ పక్షుల కేంద్రం, హోటళ్లు, టూర్ బస్సులు, అటు అడగమనండి.

తోటకు మాత్రం నేను ఒప్పుకోను. పళ్లు కోసిన అనుభవం రేపు లెక్కల ఉద్యోగానికి అక్కరకు రాదు.

నల్లమల (క్రైస్ట్‌చర్చ్) | 10 నవంబరు, ఉదయం 7.10

పాతకాపు అన్నయ్యా, మీతో సగమే ఏకీభవిస్తాను. నేను పోయిన వేసవిలో క్రామ్‌వెల్‌లో చెర్రీలు కోశాను, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

తెల్లవారి ఐదున్నరకు తోటలో ఉండాలి. ఎండ ఎక్కితే కాయ మెత్తబడుతుంది, అందుకని మధ్యాహ్నం ఒంటిగంట లోపే కోత ఆపేస్తారు. భుజాలకు పట్టీలతో ముందు బక్కెట్ కట్టుకుని నిచ్చెన ఎక్కాలి. కాయను పట్టుకుని లాగకూడదు, తొడిమ పట్టుకుని పైకి తిప్పాలి. తొడిమ ఊడితే సరుకు రెండో రకం కిందకు పోతుంది. తొడిమతో పాటు కణుపు విరిగితే వచ్చే ఏడాది అక్కడ కాపు ఉండదు, మేస్త్రి అప్పుడే గుర్తుపట్టి పిలుస్తాడు. బక్కెట్‌కు ఇంత అని ఇస్తారు. నేను మొదటి రోజు మధ్యాహ్నానికి కోసింది చూసి నా పక్క చెట్టు మీద ఉన్న వనువాటు దేశపు పెద్దాయన జాలిపడి ఒక అరటిపండు ఇచ్చాడు. అయినా భయం లేదు. ఎన్ని బక్కెట్లు కోసినా గంటకు కనీస వేతనానికి (2025లో 23.50 డాలర్లు) తగ్గకుండా ఇవ్వాలని చట్టం ఉంది.

అసలు బాధ వానతో. వాన పడితే కోత లేదు, కోత లేకపోతే కూలి లేదు. పండిన కాయ మీద నీరు నిలిస్తే చర్మం పగులుతుంది, అందుకే వాన వెలిసిన వెంటనే హెలికాప్టర్ తెప్పించి చెట్ల మీద ఎగరేస్తారు, ఆ గాలికి నీళ్లు రాలిపోవడానికి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో మంత్రిగారు వస్తున్నారని అనుకున్నాను. ఆ సీజనులో నాలుగైదు రోజులు డేరాలో పేకాటతోనే గడిచాయి. పగలు 30 డిగ్రీల ఎండ, రాత్రి డేరాలో వణుకు.

ఇంకొక మాట. ఆ ఊరి పక్కన డన్‌స్టన్ అనే చెరువు ఉంది. క్లైడ్ ఆనకట్ట కట్టాక 1990ల మొదట్లో నీళ్లు నింపితే పాత క్రామ్‌వెల్ బజారు మునిగిపోయింది. మా తాతగారి ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. పని లేని రోజు ఆ గట్టు మీద కూర్చుంటే ఏదో మనవాళ్ల ఊరికి వచ్చినట్టే ఉండేది. ఇది మీ ప్రశ్నకు జవాబు కాదు, గుర్తొచ్చి రాశాను.

తొలకరి (హామిల్టన్) | 10 నవంబరు, ఉదయం 11.30

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను మాస్టర్స్ విద్యార్థిని, నాకు వారానికి 20 గంటలే అనుమతి కదా, సెలవుల్లో కోతకు వెళ్లవచ్చా? మా ఆవిడ విజిటర్ వీసా మీద వస్తోంది, తనూ నాతో కోయవచ్చా?

లెక్కల మాస్టారు (వెల్లింగ్టన్) | 10 నవంబరు, మధ్యాహ్నం 12.15

తొలకరి గారూ, మీ ఆవిడ కోయకూడదు. విజిటర్ వీసా మీద పని చేస్తే రేపు ఇద్దరి దరఖాస్తులూ చిక్కులో పడతాయి. మీకైతే నవంబరు 3 నుంచి పరిమితి 25 గంటలు అయింది కానీ, పాత వీసా మీద 20 అని రాసి ఉంటే మార్పు కోసం దరఖాస్తు చేసుకోవాలి. యూనివర్సిటీ ప్రకటించిన సెలవుల్లో పూర్తి సమయం చేయడానికి మీ వీసా షరతుల్లో అనుమతి ఉందో లేదో చూసుకోండి. అందులో ఏది రాసి ఉంటే అదే లెక్క, స్నేహితుడు చెప్పింది కాదు.

కొత్తనీరు గారికి: మీవారు ఐఆర్‌డీ (పన్ను శాఖ) నంబరు తీసుకున్నారా? అది ఇవ్వకుండా పనిలో చేరితే జీతంలో 45 శాతం పన్ను కింద కోస్తారు. నంబరు ఉండి, అదొక్కటే ఉద్యోగమైతే పన్ను కోడ్ ఎమ్ అని రాయాలి. 2025 కనీస వేతనంతో వారానికి 40 గంటలు చేస్తే 940 డాలర్లు, పన్ను, ఏసీసీ (ప్రమాద బీమా) రుసుము పోగా చేతికి సుమారు 780 వస్తుంది. సీజను పనుల్లో సెలవు జీతం 8 శాతాన్ని చాలా చోట్ల ప్రతి వారం కలిపి ఇస్తారు, అది జీతపు చీటీలో విడిగా కనిపించాలి. క్రిస్మస్, బాక్సింగ్ డే, జనవరి 1, 2 తేదీల్లో పని చేయిస్తే ఒకటిన్నర రెట్లు. నిచ్చెన మీంచి పడితే వైద్యం ఖర్చు ఏసీసీ చూసుకుంటుంది, వీసా ఏదైనా సరే. ఆర్థిక సంవత్సరం ఇక్కడా మార్చి 31తోనే ముగుస్తుంది. ఏడాదిలో కొన్ని వారాలే పని చేసినవారికి కొంత పన్ను వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది.

రాతపూర్వక ఒప్పందం చేతికి రాకుండా బస్సు ఎక్కవద్దు.

నల్లమల | 10 నవంబరు, సాయంత్రం 6.00

మాస్టారి మాటకు నాదొక అనుభవం. మన భాష మాట్లాడే ఒకాయనే "తోటలో పెట్టిస్తాను, 500 డాలర్లు ఇవ్వు" అన్నాడు. ఉద్యోగం ఇచ్చినందుకు డబ్బు అడగడం ఇక్కడ చట్టవిరుద్ధం. నేను ఇవ్వలేదు. పిక్‌ఎన్‌జెడ్ సైటులో చూసి నేరుగా తోటకే ఫోను చేశాను, పది నిమిషాల్లో పని ఖాయమైంది.

పులిహోర పొట్లం (అలెగ్జాండ్రా) | 10 నవంబరు, రాత్రి 9.55

కొత్తనీరు చెల్లీ, అందరూ కోత గురించి, పన్ను గురించి చెప్పారు. నేను పప్పు గురించి రాస్తాను.

ఏడేళ్ల కిందట మీ ఆయన ఉన్న చోట నేను ఉన్నాను. మా వారికి డునెడిన్‌లో చదువు, నాకు కిటికీ. అప్పుడు మాది నార్త్ ఈస్ట్ వ్యాలీలో కొండ నీడలో ఉన్న ఇల్లు, జూన్‌లో మూడింటికే ఎండ పోయేది. నేను చపాతీలు కొలత పెట్టి గుండ్రంగా చేసేదాన్ని. ఒకటి వంకరగా వస్తే పిండి మళ్లీ ముద్ద చేసి మొదలుపెట్టేదాన్ని. మా వారు సాయంత్రం వచ్చి "ఈ రోజు ఏం చేశావు" అని ప్రేమగానే అడిగేవారు. ఆ ప్రశ్న వింటే ఒళ్లు మండేది. మీరు మీ ఆయన్ని రోజూ "ఏమైనా ఫోను వచ్చిందా" అని అడుగుతున్నారా? అడుగుతుంటే మానేయండి. వస్తే ఆయనే చెబుతారు.

"పంపనా వద్దా" అని రాశారు. చిన్నపిల్లాడిని హాస్టల్‌కు పంపినట్టు ఉంది ఆ మాట. కోపం తెచ్చుకోవద్దు, నాకూ మా వారు ఇలాగే సందేహించారు. ఆ వేసవి నేను క్రామ్‌వెల్ పక్కనే ఉన్న ఈ అలెగ్జాండ్రా దగ్గర ప్యాక్‌హౌస్‌లో, అంటే పళ్లు వేరుచేసి పెట్టెల్లో సర్దే షెడ్డులో చేరాను. డునెడిన్ నుంచి క్వీన్స్‌టౌన్ వెళ్లే బస్సు ఇటు మీదుగానే పోతుంది, రెండు వారాలకు ఒకసారి మా వారు ఆ బస్సులో వచ్చేవారు. పెళ్లయ్యాక మేము ఒకరి కోసం ఒకరం బస్టాండులో ఎదురుచూసింది అప్పుడే.

ఇక పని సంగతి. కోత వద్దు. తొమ్మిదేళ్లు మిర్చి నాణ్యత చూసిన మనిషిని నిచ్చెన ఎక్కించడం ఎందుకు? ప్యాక్‌హౌస్‌లో గ్రేడింగ్ అడగమనండి. గంటల లెక్కన జీతం, తల మీద కప్పు ఉంటుంది. సీవీలో లెక్కలు కిందకు దించి, తాలు కాయ, మచ్చ కాయ వేరుచేయించడం, తేమ చూడటం, చల్లటి గదిలో నిల్వ, ఇవి పైకి ఎక్కించమనండి. పాతకాపు గారు అన్నారే, పళ్ల అనుభవం అక్కరకు రాదని. ఈయనకు అది పళ్ల అనుభవం కాదండీ, సొంత వృత్తే.

అత్తగారికి "ఎగుమతి సరుకు నాణ్యత విభాగం" అని చెప్పండి. అబద్ధం ఏమీ కాదు.

పాతకాపు | 11 నవంబరు, ఉదయం 6.50

ప్యాక్‌హౌస్ అయితే వేరే మాట. నేను తోట అన్నాను. సీవీ ఇక్కడ అంటించకుండా నాకు విడిగా పంపండి, దిద్ది ఇస్తాను. ఫొటో తీసేసి పంపండి.

కొత్తనీరు | 23 నవంబరు, సాయంత్రం 7.20

ఆలస్యానికి మన్నించండి. పులిహోర అక్కా, మీ జవాబు చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను రోజూ అడుగుతున్నాను, చెప్పులు విప్పుతూనే అడుగుతున్నాను.

మరునాడు ఫోను ఆయన చేతికి ఇచ్చి చదవమన్నాను. స్టవ్ మీద టీ మరిగి పొంగిపోయింది, ఆయన తల ఎత్తలేదు. అంతా అయ్యాక "మినపప్పు సంగతి ఊరంతటికీ చెప్పావా" అని ఒక్కటే అన్నారు. తర్వాత గుంటూరులో పనిచేసిన యజమానికి ఫోను చేసి ఒక ఉత్తరం అడిగారు. పాతకాపు గారు సీవీ మూడుసార్లు తిప్పి పంపారు, మూడోసారి ఎర్ర గీతలు కాస్త తగ్గాయి. మూడు ప్యాక్‌హౌస్‌లకు పెట్టారు. ఒకచోట నుంచి ఆవిడెవరో ఫోను చేసి, చేత్తోనే వేరుచేసేవారా, ఎన్ని రకాలు, కుళ్లు ఎలా కనిపెడతారు అని అడిగారు. ఈయన మెల్లగా, వచ్చిన ఇంగ్లీషులోనే, కాయ ఊపితే గింజల చప్పుడు ఎలా ఉండాలో చెప్పడం మొదలుపెట్టారు. మూడు నెలల్లో ఆయన గొంతు అంత సేపు వినడం నాకు అదే మొదటిసారి. డిసెంబరు 15న చేరమన్నారు, గ్రేడింగ్, సాయంత్రం షిఫ్టు. ఒప్పందం కాగితం వచ్చింది, మాస్టారు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. హాస్టల్‌లో నలుగురి గదిలో మంచం దొరికింది.

ఏమేమి పెట్టాలి? నేను సంచిలో సగం పచ్చళ్లే సర్దేటట్టున్నాను.

పులిహోర పొట్లం | 23 నవంబరు, రాత్రి 8.05

ఉన్ని టోపీ, రెండు జతల మందపాటి మేజోళ్లు, లోపల వేసుకునే థర్మల్. బయట 30 డిగ్రీలు ఉన్నా షెడ్డు లోపల చలి ఉంటుంది. నలుగురి గది కాబట్టి చెవుల్లో పెట్టుకునే దూది. సన్‌స్క్రీన్ తప్పదు, ఇక్కడి ఎండ వేడి తక్కువ అనిపిస్తుంది కానీ అరగంటలో చర్మం కాలుస్తుంది. పచ్చడి ఒక్క సీసా చాలు. ఉమ్మడి వంటగదిలో ఇంగువ పోపు వేస్తే మొదటి రోజే అందరికీ పేరు తెలిసిపోతుంది.

నల్లమల | 23 నవంబరు, రాత్రి 8.30

దారిలో రాక్స్‌బర్గ్‌లో ఆగి ఆప్రికాట్లు కొనుక్కోండి. క్రామ్‌వెల్ దిగగానే ఎత్తైన పళ్ల బొమ్మలు ఉంటాయి, పియర్, ఆపిల్, ఆప్రికాట్, నెక్టరిన్. చెర్రీ ఊరే కానీ అందులో చెర్రీ ఉండదు. ఎందుకో ఎవరినడిగినా నవ్వారు.

తొడిమ (క్రామ్‌వెల్) | 18 జనవరి 2026, ఉదయం 11.15

నమస్కారం. పప్పులో రాళ్లు ఏరిన మనిషిని నేనే. మా ఆవిడ ఖాతాలో రాయడం ఎందుకని సొంతంగా ఒకటి తెరిచాను. మీ అందరికీ ఒక ఉత్తరం బాకీ ఉన్నాను.

తోట నుంచి కాయ రాగానే ముందు దాని మీద చల్లటి నీళ్లు గుమ్మరిస్తారు, ఎండ వేడి దిగిపోవడానికి. తర్వాత నీళ్ల కాలువలో తేలుతూ వస్తుంది. గుత్తులను ఒక యంత్రం విడదీస్తుంది. ఆ తర్వాత కెమెరాలు ఒక్కో కాయను అన్ని వైపులా ఫొటోలు తీసి, 26, 28, 30 మిల్లీమీటర్లని దారులు విడగొడతాయి. కెమెరా కన్ను తప్పించుకున్నవి మా ముందుకు వస్తాయి. పగులు, పిట్ట పొడిచినది, మెత్తనిది, కవల కాయ, తొడిమ లేనిది తీసి పక్కన వేయాలి. మొదటి రెండు రోజులు కదిలే బెల్టు చూసి తల తిరిగింది, కళ్లు మూసుకున్నా కాయలు పోతూనే ఉండేవి. మూడో రోజు నుంచి చేతులకు పని తెలిసిపోయింది.

గుంటూరులో ఆడవాళ్లు నేల మీద కూర్చుని మిరపకాయకు తొడిమ తీస్తే కూలి ఇచ్చేవాళ్లం. తొడిమ తీసిన కాయకు ధర ఎక్కువ. ఇక్కడ తొడిమ పచ్చగా ఉంటేనే ధర, అది ఎండితే కాయ పాతదని లెక్క. చైనా కొత్త సంవత్సరానికి వెళ్లే పెట్టెలు కాబట్టి ఇంకా పట్టింపు. ఈ మాట మా సూపర్‌వైజర్‌కు చెబితే ఆవిడ నమ్మలేదు, ఫోనులో మిర్చి యార్డు ఫొటో చూపించాను. ఆ ఎరుపు చూసి "ఇదంతా తింటారా" అంది.

క్రిస్మస్‌కు మా ఆవిడ బస్సులో వచ్చింది. యూనివర్సిటీ మూసేశారు కాబట్టి ఐదు రోజులు ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుగు ఉంటుంది కదా, షిఫ్టు లేని రోజు చెరువు గట్టు మీద నడిచాం. ఏమైనా ఫోను వచ్చిందా అని తను అడగలేదు. నేనే అడిగాను, ప్రయోగశాలలో ఏమి జరుగుతోందని. సెప్టెంబరు నుంచి ఒక్కసారి కూడా అడగలేదట, అది తనే చెప్పింది. మామూలుగానే చెప్పింది.

వాన మూడు రోజులు పడింది, ఆ మూడు రోజులూ షెడ్డులో సరుకు లేక ఇంటికి పంపేశారు. హెలికాప్టర్ నేనూ చూశాను. సంక్రాంతి నాడు హాస్టల్ వంటగదిలో పొంగలి చేశాను. గదిలో ఉండే కుర్రాళ్లలో సమోవా అతను మూడుసార్లు పెట్టించుకున్నాడు.

పాతకాపు గారూ, సూపర్‌వైజర్ రిఫరెన్స్ ఇస్తానంది. డునెడిన్‌లో ఒక ఆహార పదార్థాల గిడ్డంగిలో సరుకు లెక్కల ఉద్యోగం పడింది, ఫిబ్రవరి 6 గడువు. కవరింగ్ లెటర్ ఈసారి నేనే రాశాను, పంపమంటారా?

పాతకాపు | 18 జనవరి, మధ్యాహ్నం 12.05

పంపండి. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి ఉంటే ముందు అది కొట్టేసి పంపండి.

తొడిమ | 18 జనవరి, మధ్యాహ్నం 12.09

కొట్టేశాను.

తొలకరి | 18 జనవరి, మధ్యాహ్నం 2.40

అన్నయ్యా, మా ఆవిడకు ఇప్పుడు వర్క్ వీసా వచ్చింది. వచ్చే సీజనుకు ఇద్దరం కలిసి వస్తే ఆ హాస్టల్‌లో జంటలకు గది ఇస్తారా?

తొడిమ | 18 జనవరి, సాయంత్రం 4.30

రెండు గదులే ఉన్నాయి తమ్ముడూ, సెప్టెంబరులోనే అయిపోతాయట. ఆగస్టు చివర నాకు గుర్తుచేయండి, నంబరు ఇస్తాను.

డునెడిన్‌లో ఉన్నవాళ్లకు: 25న ఆదివారం ఇంటికి వస్తున్నాను, రెండో రకం చెర్రీలు రెండు పెట్టెలు తెస్తున్నాను. తొడిమ లేదు, రుచికి లోటు లేదు. సౌత్ డునెడిన్ చుట్టుపక్కల వాళ్లు మా ఆవిడకు సందేశం పెట్టి సాయంత్రం ఐదు తర్వాత వచ్చి తీసుకెళ్లండి. సంచి మీరే తెచ్చుకోండి, మా ఇంట్లో గిన్నెలు ఇంకా నాలుగే.